పొర పని తెలిసినవారికే కొలువు

మెట్‌పల్లి, కోరుట్ల వైపు నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళ పెట్టెల్లో మూడు ప్యాకెట్లు దాదాపు తప్పకుండా ఉంటాయి: సకినాలు, మామిడికాయ తొక్కు, పసుపు. వాటిని దుబాయ్ దాకా కాపాడేది ప్యాకెట్ మీద అచ్చేసిన బొమ్మ కాదు, లోపలి పొర. సకినాల నూనె బయటికి ఊరకుండా, బయటి తేమ లోపలికి దూరకుండా, పసుపు వాసన ఎగిరిపోకుండా ఆపేది అదే. ఇన్నాళ్ళూ ఆ పొర ప్లాస్టిక్‌ది, లేదంటే అల్యూమినియం పూసిన ప్లాస్టిక్‌ది. కట్టె నుంచి, పత్తి నుంచి, చెరకు పిప్పి నుంచి తీసిన పదార్థంతో అదే పొర వేయడానికి ఇప్పుడు చాలా దేశాల్లో పని నడుస్తోంది. ఆ పదార్థం పేరు నానోసెల్యులోజ్.

ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్న పిల్లలకు, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి వేరే పని వెతుక్కుంటున్నవాళ్ళకు, పిండివంటలూ పసుపుపొడీ అమ్ముకునే ఆడవాళ్ళకు సూటిగా చెప్పవలసిన మాట ఒకటుంది. నానోసెల్యులోజ్ తయారుచేసే కొలువు కోసం వెతకకండి, అది మన చుట్టుపక్కల లేదు. కాగితం మీద పొర వేసే పని, ఆ పొరను పరీక్షించే పని, ఏ సరుకుకు ఏ పొర సరిపోతుందో తేల్చే పని ఈ రోజే ఉన్నాయి. రేపు నానోసెల్యులోజ్ వచ్చినా ఆ పనులు తెలిసినవాళ్ళనే మిల్లులు పిలుస్తాయి.

ముందు వస్తువు ఏమిటో తెలుసుకుందాం

సెల్యులోజ్ కొత్తదేమీ కాదు. 1838లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త ఆన్‌సెల్మ్ పాయెన్ దాన్ని మొక్కల నుంచి విడదీసి చూపించాడు. కట్టెలో సగానికి కాస్త తక్కువ, పత్తి పోగులో దాదాపు 90 శాతం అదే. ఆదిలాబాద్ పత్తి బేలు, కాగజ్‌నగర్ మిల్లుకు పోయే సుబాబుల్, నీలగిరి కట్టె, చెరకు పిప్పి, మక్క సొప్ప అన్నింట్లోనూ ఉన్న సరుకు ఇదొక్కటే.

కాగితం గుజ్జులోని ఒక్కో పోగు వెంట్రుకలో సగం మందం కూడా ఉండదు. ఆ పోగును ఇంకా చీల్చుకుంటూ పోతే లోపల అంతకు వెయ్యి రెట్లు సన్నని నూలు కట్టలు కట్టలుగా కనిపిస్తుంది. మిల్లీమీటరులో పది లక్షల వంతును నానోమీటరు అంటారు. ఈ సన్నని నూలు మందం పదుల నానోమీటర్లలో ఉంటుంది. దీన్ని తీయడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. గుజ్జును బలమైన ఒత్తిడితో సన్నని సందులోంచి తోస్తే పొడుగు నూలు వస్తుంది, దాన్ని నానోఫైబ్రిల్ అంటారు. గాఢమైన గంధకామ్లంతో మెత్తని భాగాన్ని కరిగించేస్తే పొట్టి సూదుల్లాంటి ముక్కలు మిగులుతాయి, అవి నానోక్రిస్టల్.

మొదటి దారిని 1980ల మొదట్లో అమెరికాలోని ఐటీటీ రేయోనియర్ కంపెనీ పరిశోధకులు చూపించారు. వాళ్ళు వాడింది పాల డెయిరీల్లో ఉండే హోమోజినైజర్‌నే. అందుకే డెయిరీలో ఆ యంత్రం నడిపినవాళ్ళకు ఈ పనిలో సగం ముందే తెలిసి ఉంటుంది: ఒత్తిడి ఎంత పెట్టాలి, వాల్వు ఎప్పుడు అరుగుతుంది, ఎప్పుడు కడగాలి అన్నవి.

తయారైన నానోసెల్యులోజ్ పొడిలా ఉండదు, చిక్కని జిగురులా ఉంటుంది. నూటికి రెండు మూడు పాళ్ళే అసలు సరుకు, తక్కినదంతా నీళ్ళు. ఒకసారి పూర్తిగా ఎండితే ఆ నూలు ఒకదానికొకటి అతుక్కుపోతుంది. మళ్ళీ నీళ్ళు పోసినా మునుపటిలా విడిపోదు. వెచ్చగా వదిలేస్తే బూజు పడుతుంది. ఈ రెండు గుణాల వల్ల దాన్ని దూరం మోయడం కష్టం, నిల్వ పెట్టడం ఖర్చు.

మెట్‌పల్లి ఖాదీ నేత చూసినవాళ్ళకు కాగితం మీద ఈ పొర వేయడం విడమరిచి చెప్పనక్కర్లేదు. పడుగుకు గంజి పెట్టినట్టే ఇది. గంజి పల్చనైతే పోగు తెగుతుంది, చిక్కనైతే పెళుసవుతుంది, ఆరకముందే మగ్గమెక్కిస్తే పాడవుతుంది. పేపర్ మిల్లులో సైజ్ ప్రెస్ దగ్గర ఇప్పటికీ కాగితానికి పెట్టేది గంజి పదార్థమే. దాని పక్కన, లేదా దాని మీద నానోసెల్యులోజ్ పొర వేయడం కొత్త మెట్టు.

ఏది ఆపుతుంది, ఏది ఆపదు

ఇంటర్వ్యూలోనైనా వ్యాపారంలోనైనా మొదట తేలవలసిన విషయం ఇదే. ప్యాకింగ్ పొరకు నలుగురు శత్రువులు ఉన్నారు: నూనె, గాలిలోని ఆక్సిజన్, తేమ, వెలుతురు.

నానోసెల్యులోజ్ నూనెను బాగా ఆపుతుంది. నూలు అంత దగ్గరగా అల్లుకుంటుంది కాబట్టి నూనెకు దారి దొరకదు. పొడిగా ఉన్నంత సేపు ఆక్సిజన్‌ను కూడా గట్టిగా ఆపుతుంది. ఖరీదైన ప్యాకెట్లలో ఆక్సిజన్‌ను ఆపడానికి వాడే ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్‌తో పోల్చదగినంత. వాసనను కూడా పట్టి ఉంచుతుంది.

తేమ దగ్గర మాత్రం ఓడిపోతుంది. సెల్యులోజ్‌కు నీళ్ళంటే ఇష్టం. గాలిలో తేమ 65, 70 శాతం దాటిందంటే నూలు ఉబ్బుతుంది, సందులు తెరుచుకుంటాయి, అప్పటిదాకా ఆగిన ఆక్సిజన్ కూడా లోపలికి వస్తుంది. వానకాలంలో మన దగ్గర తేమ 80 శాతం దాటే రోజులు మామూలే. ఎండాకాలం ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పాసైన ప్యాకెట్ శ్రావణంలో ఫెయిలవడానికి కారణం ఇదే. వెలుతురునూ ఇది పెద్దగా ఆపదు, సన్నటి పొర అయితే అద్దంలా తేటగా ఉంటుంది.

అందుకే ఎక్కడా ఒక్క నానోసెల్యులోజ్ మీదే ఆధారపడరు. కాగితం, దాని మీద నానోసెల్యులోజ్, దాని మీద తేమను ఆపే మైనమో, లక్కో, మొక్కల నుంచి చేసిన పాలిమరో వేస్తారు. మూడూ కలిస్తేనే ప్యాకెట్ నిలుస్తుంది. "మా నానో పేపర్ నీళ్ళను, నూనెను, గాలిని అన్నింటినీ ఆపుతుంది" అని ఎవరైనా అంటే, పైన ఇంకే పొర వేశారో అడగండి. జవాబు లేకపోతే అక్కడి నుంచి లేచి రండి.

లెక్క వేస్తే తెలిసే సంగతి

నానోసెల్యులోజ్‌ను ఇంటి వెనక రేకుల షెడ్డులో చేయవచ్చని వీడియోల్లో చెప్పేవాళ్ళున్నారు. కాగితం పెన్సిల్ తీసుకుని చిన్న లెక్క వేద్దాం.

చదరపు మీటరుకు 60 గ్రాములు తూగే కాగితం ఒక టన్ను అంటే దాదాపు 16,667 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 5 గ్రాముల చొప్పున ఎండిన నానోసెల్యులోజ్ పొర వేయాలంటే 83 కిలోల పైచిలుకు కావాలి. మన చేతిలో ఉన్నది నూటికి రెండు పాళ్ళ జిగురు, కాబట్టి 4,167 కిలోల జిగురు పూయాలి. అందులో 4 టన్నులకు మించి నీళ్ళే. ఒక్క టన్ను కాగితం కోసం నాలుగు టన్నుల నీళ్ళను ఆవిరి చేయాలి. ఆ ఆవిరికి బాయిలర్, బొగ్గో పొట్టో, డ్రైయర్ సిలిండర్లు కావాలి. ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ పెట్టిన నానోసెల్యులోజ్ పైలట్ ప్లాంటు సామర్థ్యం రోజుకు 10 కిలోలు. ఆ లెక్కన ఈ ఒక్క టన్ను కాగితానికి ఎనిమిది రోజులకు పైగా ప్లాంటు నడవాలి. జపాన్‌లో నిప్పన్ పేపర్ కంపెనీ ఇషినోమాకి మిల్లులో 2017లో మొదలుపెట్టిన ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 500 టన్నులు. అది పెద్ద పేపర్ మిల్లు, ఆవిరీ నీళ్ళూ గుజ్జూ అన్నీ ఒకేచోట ఉన్నాయి.

కరెంటు సంగతి ఇంకొకటి. తొలి రోజుల్లో ఒక టన్ను నానోఫైబ్రిల్ తీయడానికి 25,000 యూనిట్లకు పైగా కరెంటు పట్టేది. ఎంజైములతో, రసాయనాలతో గుజ్జును ముందే మెత్తబరిచే పద్ధతులు వచ్చాక అది బాగా తగ్గింది. టెంపో అనే రసాయనంతో ఆ దారి తెరిచిన జపాన్ శాస్త్రవేత్తలు ఇసోగాయ్, సైతో, నిషియామాలకు 2015లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది. ఇంత తగ్గినా పనిది మిల్లు స్థాయే, షెడ్డు స్థాయి కాదు. ఇక నానోక్రిస్టల్ దారిలో వాడేది 64 శాతం గంధకామ్లం. దాన్ని ఇంటి దగ్గర ముట్టుకోవద్దు.

కొలువులు ఉన్న చోట్లు

మనకు దగ్గరలోనిది కాగజ్‌నగర్. 1938లో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్స్ 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాక మళ్ళీ నడుస్తోంది. మెట్‌పల్లిలో రైలెక్కి పెద్దపల్లిలో దిగి, బల్లార్షా వైపు బండి మారితే కాగజ్‌నగర్. రెండోది భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ పేపర్ బోర్డుల మిల్లు. ప్లాస్టిక్ పూత వేసిన బోర్డుకు బదులుగా, మళ్ళీ గుజ్జు చేయడానికి వీలయ్యే కోటింగ్ బోర్డులను ఐటీసీ ఫిలోసర్వ్, ఫిలోప్యాక్ పేర్లతో అమ్ముతోంది. వీటిలో నానోసెల్యులోజ్ ఉందని నేను అనడం లేదు. కాగితం మీద పొరతో ప్లాస్టిక్‌ను తప్పించే పని మన రాష్ట్రంలోని మిల్లుకు కొత్త కాదని మాత్రం చెబుతున్నాను.

మిల్లులో ఈ పనికి కావలసినవాళ్ళు నలుగురు. కోటింగ్ కిచెన్‌లో జిగురు కలిపి చిక్కదనం చూసేవాళ్ళు ఒకరు. కోటింగ్ యంత్రం మీద రాడ్, బ్లేడ్ సరిచేసేవాళ్ళు ఒకరు. డ్రైయర్, ఆవిరి చూసేవాళ్ళు ఒకరు. ల్యాబ్‌లో నమూనా కోసి పరీక్ష చేసేవాళ్ళు ఒకరు. మొదటి మూడు పనులకు ఐటీఐ, డిప్లొమా పిల్లలు సరిపోతారు. నాలుగోదానికి బీఎస్సీ కెమిస్ట్రీ చాలు.

ముత్యంపేటలోని నిజాం దక్కన్ షుగర్స్ 2015 డిసెంబర్‌లో ఆగిపోయింది. అక్కడ బాయిలర్ మీద, చెరకు రసం చిక్కబరిచే ఎవాపరేటర్ మీద, ల్యాబ్‌లో బ్రిక్స్ చూస్తూ పనిచేసినవాళ్ళు తమ అనుభవాన్ని తక్కువగా చూసుకోవద్దు. నీళ్ళను తక్కువ ఆవిరితో తొలగించడమే పేపర్ కోటింగ్‌లో పెద్ద ఖర్చు. దరఖాస్తులో "షుగర్ ఫ్యాక్టరీ వర్కర్" అని ఊరుకోకండి. ఏ ఎవాపరేటర్, ఎన్ని బాడీలు, ఎంత ఆవిరి ఒత్తిడి, ఎన్నేళ్ళు నడిపారో రాయండి. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉంటే మొదటి వరుసలోనే పెట్టండి.

మూడో చోటు హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న ప్యాకింగ్ యూనిట్లు: పేపర్ కప్పులు, మిఠాయి డబ్బాలు, పౌచ్‌లు, అట్టపెట్టెలు చేసేవి. ఇక్కడ చేరడం సులువు, నేర్చుకునేది ఎక్కువ. నాలుగోది ఆహార పరిశ్రమ. నిజామాబాద్ జిల్లా వేల్పూరు మండలంలో స్పైసెస్ పార్కు ఉంది. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. పసుపును కొమ్ములుగా బస్తాల్లో కాకుండా పొడిచేసి ప్యాకెట్లలో అమ్మే యూనిట్లు పెరిగే కొద్దీ, "ఈ పొడికి ఈ పౌచ్ ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి ప్రతి యూనిట్‌కూ కావాలి.

ఏం చదవాలి

పదో తరగతి తర్వాతైతే, హైదరాబాద్ చర్లపల్లిలోని సీపెట్‌లో ప్లాస్టిక్ టెక్నాలజీ డిప్లొమా ఉంది. ప్లాస్టిక్‌కు బదులు వెతకాలన్నా ముందు ప్లాస్టిక్ ఏం చేస్తుందో తెలియాలి కాబట్టి ఇది ఎదురు దారి కాదు. ప్రింటింగ్ మీద ఆసక్తి ఉంటే సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ ఉంది. కోటింగ్, ప్రింటింగ్ యంత్రాల్లో రోలర్లు, ఆరబెట్టే పద్ధతులు చాలా వరకు ఒకటే.

ఇంటర్ ఎంపీసీ, బైపీసీ వాళ్ళకు నిజామాబాద్ జిల్లా రుద్రూరులో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. డిగ్రీ, ఇంజనీరింగ్ అయినవాళ్ళకు భారతీయ ప్యాకేజింగ్ సంస్థ రెండేళ్ళ పీజీ డిప్లొమా నడుపుతుంది. 1966లో ముంబైలో మొదలైన ఆ సంస్థకు హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది. ఇంకా పైకి పోవాలనుకునే ఇంజనీర్లకు ఐఐటీ రూర్కీ వారి సహరాన్‌పూర్ క్యాంపస్‌లో పేపర్, ప్యాకేజింగ్ టెక్నాలజీ విభాగం ఉంది.

ఫీజు కట్టే స్థోమత లేనివాళ్ళు అప్రెంటిస్‌షిప్ దారి చూడండి. కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసి, పేపర్, ప్యాకేజింగ్, ఆహార పరిశ్రమలను ఎంచుకోండి. నెలనెలా స్టైపెండ్ వస్తుంది, చేతికి పని వస్తుంది. అప్రెంటిస్‌గా చేరాక కోటింగ్ విభాగంలోనో ల్యాబ్‌లోనో వేయమని నోరు తెరిచి అడగండి. అడగనివాళ్ళను గోడౌన్‌లో లెక్కలు రాయడానికి పంపడం ఎక్కడైనా ఉన్నదే.

ఏ కోర్సులోనైనా చేరే ముందు ల్యాబ్ చూపించమనండి. కాగితం చదరపు మీటరు బరువు చూపే జీఎస్ఎం కాటా, కాగితం ఎంత నీళ్ళు తాగుతుందో కొలిచే కాబ్ టెస్టర్, తేమ పొరను దాటే వేగాన్ని కొలిచే పరికరం ఉన్నాయా అని చూడండి. ఇవి లేకుండా "నానో ప్యాకేజింగ్ సర్టిఫికెట్" ఇచ్చే చోట డబ్బు పెట్టడం దండగ.

చేతికి రావలసిన రెండు పరీక్షలు

ఇంటర్వ్యూలో సిద్ధాంతం తక్కువ అడుగుతారు. ఈ రెండు పరీక్షలు చేసి చూపమంటారు, లేదా చెప్పమంటారు.

మొదటిది కాబ్ పరీక్ష. కాగితం ఎంత నీళ్ళు తాగుతుందో చూసేది. కాగితం ముక్కను ముందు తూచాలి. సరిగ్గా 100 చదరపు సెంటీమీటర్ల వైశాల్యమున్న లోహపు రింగు కింద బిగించాలి. 100 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి గడియారం నొక్కాలి. 45 సెకన్లకు నీళ్ళు వంపేయాలి. 60వ సెకనుకు బ్లాటింగ్ కాగితం వేసి 10 కిలోల రోలర్‌ను ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి నడపాలి, చేత్తో నొక్కకూడదు. వెంటనే మడిచి మళ్ళీ తూచాలి. పెరిగిన గ్రాములను 100తో హెచ్చిస్తే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల నీళ్ళు తాగిందో వస్తుంది. ముక్క 0.25 గ్రాములు పెరిగితే కాబ్ విలువ 25. రోలర్ ఆలస్యమైతే విలువ మారిపోతుంది, అందుకే ఈ పరీక్షలో అసలు నైపుణ్యం గడియారం మీద చూపే.

రెండోది నూనె కోసం చేసే కిట్ పరీక్ష. ఆముదం, టోలీన్, హెప్టేన్ వేర్వేరు పాళ్ళలో కలిపిన 12 సీసాలుంటాయి. నంబరు పెరిగే కొద్దీ ద్రవం పల్చనై సులువుగా దూరుతుంది. ఒక చుక్క వేసి 15 సెకన్ల తర్వాత తుడిచి చూడాలి. కాగితం మీద నల్లని మచ్చ పడితే ఫెయిల్. ఏ నంబరు దాకా మచ్చ పడలేదో అదే ఆ కాగితం కిట్ విలువ. టోలీన్, హెప్టేన్ రెండూ మంటకు దగ్గర పెట్టకూడనివి, వాసన పీల్చకూడనివి, కాబట్టి ఇది ల్యాబ్‌లో, గ్లౌజులు వేసుకుని చేయవలసిన పని.

ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఇంకొకటి ఉంది. కొనబోయే కాగితాన్ని మధ్యకు గట్టిగా మడిచి, గోరుతో నొక్కి, మళ్ళీ విప్పండి. తెల్ల కాగితం మీద పరిచి, మడత మీద ఒక చెంచా, మడత లేనిచోట ఒక చెంచా నూనె వేయండి. పది నిమిషాలకు, గంటకు, తెల్లారి మూడుసార్లు కింది తెల్ల కాగితం చూడండి. చాలా కాగితాలు మడత లేనిచోట బాగుంటాయి, మడత దగ్గర పొర పగిలి కారతాయి. డబ్బాగా మడిచే కాగితానికి మడతలే ప్రాణం. వేడి నూనెతోనూ ఒకసారి చూడండి. "మీ కాగితం మడత దగ్గర ఎంత కిట్ ఇస్తుంది?" అని అడిగితే అమ్మేవాళ్ళు మిమ్మల్ని కొత్తవాళ్ళని అనుకోరు.

ఆక్సిజన్, తేమ పొరను దాటే వేగం కొలవడానికి ఖరీదైన యంత్రాలు కావాలి. వాటి ఫలితాలు చదవడం నేర్చుకుంటే చాలు. ఫలితం పక్కన ఎంత ఉష్ణోగ్రత, ఎంత తేమ దగ్గర కొలిచారో రాసి ఉంటుంది. పొడి గాలిలో కొలిచిన ఆక్సిజన్ అంకెను చూపించి వానకాలానికి హామీ ఇచ్చేవాళ్ళను నమ్మకండి.

సొంతంగా సరుకు అమ్మేవాళ్ళకు

బజ్జీలు, మిర్చీలు వేడివేడిగా ఇచ్చే బండికి సాదా గ్రీజ్‌ప్రూఫ్ కాగితం చాలు. వార్తాపత్రికల్లాంటి అచ్చు పేపర్లలో ఆహారం కట్టడం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషిద్ధం. మోదుగాకు విస్తరిలో ఇస్తే ఇంకా మంచిది.

సకినాలు వారంలో అమ్ముడుపోయేవైతే, నూనె ఆపే పూత ఉన్న అట్టడబ్బా బాగుంటుంది. నానోసెల్యులోజ్ పొర వస్తే మొదట బాగా కుదిరే చోటు ఇదే. నెలలు నిల్వ ఉండాల్సినవైతే కరకర పోకుండా తేమ ఆపడమే ముఖ్యం, అక్కడ ఇప్పటికి పౌచ్ వదలొద్దు. తొక్కుకు ఉప్పు, పులుపు, నూనె మూడూ ఉంటాయి కాబట్టి సీసా, మంచి జాడీ దాటి పోవద్దు.

పసుపుపొడికి శత్రువులు తేమ, వెలుతురు, వాసన పోవడం. నిబంధనల ప్రకారం పొడిలో తేమ 10 శాతం మించకూడదు. వెలుతురుకు పసుపులోని కుర్కుమిన్ రంగు తగ్గుతుంది. కాబట్టి ఎవరైనా "పర్యావరణ కాగితం" అని తెచ్చిస్తే కొద్ది పొడిని అందులో, కొద్ది పొడిని మామూలు పౌచ్‌లో వేసి, వానకాలమంతా పక్కపక్కన ఉంచి, రంగు, వాసన, గడ్డకట్టడం పోల్చి చూశాకే ఆర్డర్ ఇవ్వండి. ప్లాస్టిక్ తగ్గించాలనుకుంటే ఇప్పటికి సులువైన మెట్టు ఒకటుంది: మూడు నాలుగు రకాల పొరలు అతికించిన పౌచ్ మాని, ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసిన పౌచ్‌కు మారడం. అతికించిన పొరల ప్యాకెట్‌ను పాత సామాన్లు కొనేవాళ్ళు ముట్టుకోరు, ఒకే రకందానికి గిరాకీ ఉంటుంది.

మామిడి తోటల వాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లో ఎంపా అనే పరిశోధన సంస్థ, లిడ్ల్ దుకాణాలు కలిసి క్యారెట్ పిప్పి నుంచి తీసిన నానోసెల్యులోజ్‌ను అరటిపండ్లు, దోసకాయల మీద పూసి నిల్వకాలం పెంచి చూపాయి. జగిత్యాల మామిడికీ ఇలాంటిది రావచ్చు. అనుమతి లేని పూతను మాత్రం పండు మీద వేయకండి.

సొమ్ము విషయానికొస్తే, చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉంది. గడువు ఎప్పటిదాకా అన్నది జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

చట్టం ఎటు నడుస్తోంది

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలతో పాటు మిఠాయి డబ్బాల మీద చుట్టే ప్లాస్టిక్ కాగితం కూడా దేశమంతా నిషిద్ధం. 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ఆహారాన్ని తాకే ప్యాకింగ్‌కు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ సర్టిఫికెట్ ఉండాలి. యూరప్‌లో 2026 ఆగస్టు 12 నుంచి ఆహార ప్యాకింగ్‌లో పీఫాస్ రసాయనాలకు పరిమితి వర్తిస్తుంది. నూనె ఆపడానికి కాగితానికి ఏళ్ళ తరబడి వాడింది ఆ రసాయనాలనే. వాటి చోటు నింపడానికి పోటీపడుతున్న వాటిలో నానోసెల్యులోజ్ ఒకటి. పసుపును యూరప్‌కు పంపే వ్యాపారులు కాగితం సంచి కొనేటప్పుడు "పీఫాస్ లేదు" అని రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇలాంటి మార్పుల వెనకాలే మోసాలూ వస్తాయి. యంత్రం కొంటే సరుకు మేమే తిరిగి కొంటామని చెప్పే ప్రకటనల్లో పేపర్ ప్లేట్ల కాలం నుంచీ చాలామంది నష్టపోయారు. ఇప్పుడు ఆ ప్రకటనలోనే "నానో" చేరింది. డబ్బు కట్టే ముందు మూడు కాగితాలు అడగండి: పూత పదార్థం ఏమిటో తెలిపే పత్రం, ఎన్ఏబీఎల్ ల్యాబ్ సర్టిఫికెట్, మీకంటే ముందు ఆ యంత్రం కొన్నవారి యూనిట్ చిరునామా. మూడోది అడిగి ఆ యూనిట్‌కు స్వయంగా వెళ్ళి చూడండి. మూడింట్లో ఏ ఒక్కటి ఇవ్వకపోయినా సంతకం పెట్టకండి.

పనిలో చేరినవాళ్ళకు చివరగా ఒక జాగ్రత్త. నానోసెల్యులోజ్ జిగురుగా ఉన్నప్పుడు భయం తక్కువ, ఎండి పొడిగా గాలిలోకి లేచినప్పుడు ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎండిన పూతను గీకేటప్పుడు, కోసేటప్పుడు మాస్కు వేసుకోండి, నేలను చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. కంపెనీ మాస్కు ఇవ్వకపోతే అడగండి, అది మీ హక్కు.

నానోసెల్యులోజ్ మన ఊరి దుకాణానికి ఎప్పుడు వస్తుందో ఎదురుచూస్తూ కూర్చోవద్దు. ఈ నెలలోనే మీ చదువుకు తగిన ఒక అప్రెంటిస్‌షిప్‌కు దరఖాస్తు పెట్టండి, మీ ఇంట్లోని ఒక ప్యాకెట్‌కు మడత పరీక్ష చేసి ఫలితం నోటుబుక్కులో రాసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు ఆ నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి.